మైనం మీద పి.వి.ఏ.: ఆరేళ్లు వాడాక నా మాట

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న ఫైబర్ షెడ్డు. లారీ క్యాబిన్ల మీద పెట్టే టాపులు, బంపర్లు, ఎప్పుడైనా గుడి వాళ్లు అడిగితే సింహాలు. పీసు మౌల్డుకి (అచ్చుకి) అతుక్కోకుండా ముందు మైనం రుద్ది, దాని మీద పి.వి.ఏ. (పాలీ వినైల్ ఆల్కహాల్) అనే ద్రవం పూస్తాం, ఆరితే పలచటి పొర అవుతుంది. ఎలా రుద్దాలో ఇక్కడ చెప్పను, ఈ పనిలో ఉన్నవాళ్లకి అది రోజూ ఉండే గోలే. నేను పి.వి.ఏ.ని వదలకపోవడానికి ఒక్కటే కారణం, ఇది నీళ్లలో కరుగుతుంది.

అంతకుముందు నేను మైనం ఒక్కటే నమ్మేవాణ్ణి. కొత్త మౌల్డు, మూడు పూతలు రుద్ది తొందరపడ్డాను, పీసు అతుక్కుపోయింది, సుత్తి దెబ్బలకి పీసుతో పాటు మౌల్డు అంచు కూడా పగిలింది. ఆ తర్వాత కొత్త మౌల్డు అంటే చాలు, గంటగంటకీ ఒకటి చొప్పున ఆరు పూతల మైనం, దాని మీద పి.వి.ఏ.

అసలు సంగతి రెండేళ్ల కిందట మే నెలలో జరిగింది. షెడ్డు రేకుల కింద నిలబడలేకపోతున్నాం. కుర్రాడు మూలల్లో మ్యాట్ (గాజు పీచు గుడ్డ) నాలుగు పొరలు ఒకేసారి వేసేశాడు, పైగా అంత ఎండలోనూ రెసిన్‌లో (పీచుని పట్టి ఉంచే జిగురులో) అది గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్ ఎప్పటిలాగే రెండు శాతం. గంటలో రెసిన్ ఎంత కాగిందంటే వెనక నుంచి చెయ్యి పెట్టలేకపోయాం. మంచి కార్నౌబా (ఒక తాటి జాతి చెట్టు ఆకుల) మైనమైనా ఎనభై డిగ్రీలు దాటితే కరగడం మొదలుపెడుతుంది, మాది అంత మంచిది కూడా కాదు. తెల్లారి కంప్రెసర్ గాలి కొట్టాం, చెక్క చీలలు దూర్చాం, రబ్బరు సుత్తితో చుట్టూ తట్టాం, కదల్లేదు. అది అరువు తెచ్చిన టాపు మీద తీసిన మౌల్డు, పోతే మళ్లీ ఆ టాపు దొరకదు. చేతులు వణికాయి. పక్క షెడ్డు బాబాయ్ వచ్చి చూసి "సుత్తి పక్కన పడేసి నీళ్లు పొయ్యిరా, దేనికి పూశావు మరి అది" అన్నాడు. అంచు దగ్గర సన్నగా విడిపించిన సందులో గోరువెచ్చటి నీళ్లు పోసి, జాకీతో ఒక పక్క లేపి, అవి లోపలికి జారేలా పెట్టి టీకి వెళ్లాం. తిరిగొచ్చాక ఒకసారి తట్టగానే టప్పుమని శబ్దం. పీసు ఊడింది, దాని మీద ఆకుపచ్చ పొర కుబుసంలా చేతికొచ్చింది. ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అలాగని షెడ్డుకి వచ్చే కుర్రాళ్లందరికీ ఇదే వాడమని చెప్పను. మైనంలో సిలికాన్ ఉంటే పి.వి.ఏ. చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. స్పాంజితో పూస్తే గీతలు పడి జెల్ కోట్ (పీసు పైన మెరిసే పొర) మీద అచ్చు దిగుతాయి, అందుకే స్ప్రే గన్‌తో, ముందు మంచులా ఒక పలచటి పొర, ఆరాక ఇంకో రెండు. ఎంత జాగ్రత్తగా కొట్టినా మైనం ఒక్కదాని మీద వచ్చిన అద్దం మెరుపు రాదు, టాపులకి తర్వాత బఫింగ్ పట్టిస్తూనే ఉన్నాను. ప్రతి పీసుకీ మళ్లీ కొట్టి ఆరబెట్టాలి.

ఇక వానాకాలం. ఆగస్టులో ఒకసారి పైకి ఆరినట్టే కనపడింది, లోపల తడి ఉంది, జెల్ కోట్ మొత్తం ముడతలు పడింది. ఏ నీళ్లు మౌల్డును కాపాడాయో ఆ నీళ్లే పీసును తినేశాయి. ముసురు పట్టిన రోజుల్లో ఇప్పుడు పాత మౌల్డులకి మైనంతోనే సరిపెడుతున్నాను, కొత్తవి ఎండ వచ్చేదాకా ముట్టుకోను.

నాకు నెలకి పదీ పదిహేను పీసులు, అదీ రకరకాల మౌల్డుల్లో, కాబట్టి ఇది సరిపోతుంది. ఒకే మౌల్డులో రోజూ పీసులు తీసేవాళ్లకి సెమీ పర్మనెంట్ రకమే (మౌల్డుకి పట్టి ఉండిపోయే పూతే) నయమేమో, ఒకసారి పూస్తే వరసగా చాలా పీసులు ఊడతాయి. నేనూ ఒక సీసా కొన్నాను. మూత సరిగ్గా బిగించక గాలి తేమ తగిలి పాడైంది, సగం సీసా ఇంకా బీరువా మీదే ఉంది.