అంగన్‌వాడీలో వేసే నులిపురుగుల మాత్ర: నేను చూసినంతలో

మా పాపకు ఇంకా మూడేళ్లు నిండలేదు, అంగన్‌వాడీకి వెళ్తుంది. బాబు ఒకటో తరగతి, ప్రైవేటు స్కూలు. నులిపురుగుల మాత్ర వేయడం రెండుచోట్లా చూశాను. పిల్లల్ని కొత్తగా పంపే తల్లులకు పనికొస్తుందని రాస్తున్నాను.

అంగన్‌వాడీ టీచరమ్మ పని చూస్తే ముచ్చటేసింది. ఆల్బెండజోల్ 400 ఎంజీ మాత్రను రెండు చెంచాల మధ్య పెట్టి పొడిపొడిగా నలిపి, నీళ్లలో కలిపి పాపకు పట్టించారు. ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు సగం మాత్రే. కాస్త పెద్దపిల్లలను ఎదురుగా నిలబెట్టి నమిలించి, నోరు తెరిపించి చూశాకే రిజిస్టరులో టిక్కు పెట్టారు. ఒక బాబుకు ఒళ్లు వెచ్చగా ఉందని వేయలేదు. "తగ్గాక తీసుకురామ్మా, మిగిలిపోయినవాళ్లకు వచ్చేవారం వేస్తాం" అన్నారు. ఇంకో పిల్లకు కడుపులో తిప్పితే పడుకోబెట్టి పక్కనే కూర్చున్నారు. పురుగులు ఎక్కువున్నవాళ్లకు అవి చచ్చేటప్పుడు అలా అవుతుంది, కాసేపటికి సర్దుకుంది. ఇదంతా పైసా ఖర్చు లేకుండా.

బాబు స్కూల్లో మాత్రం మాత్రను కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టి పంపేశారు. నాకు చాలా కోపం వచ్చింది. టీచరు కళ్లెదుట నమిలించి మింగించాల్సిన మందు అది. బస్సులో పిల్లాడు తీసి నోట్లో వేసుకుని, గొంతుకు అడ్డం పడితే ఎవరిది బాధ్యత?

ఇక మందు సంగతి. ఏలికపాములకు, రక్తం పీల్చి పిల్లల్ని పాలిపోయేలా చేసే కొంకి పురుగులకు ఆరు నెలలకో మాత్ర బాగా పనిచేస్తుంది. కానీ రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నపురుగులకు ఒక్క మాత్రతో పని అవదు. మా బాబుకు అవే. నిద్రలో గోక్కుంటుంటే టార్చి వేసి చూశాను, తెల్లటి దారపు ముక్కల్లా కదులుతున్నాయి. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను పూర్తిగా చంపదు. అందుకే డాక్టరుగారు రెండు వారాలకు మళ్లీ వేయమన్నారు, ఇంట్లో అందరికీ ఒకేసారి. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు. దుప్పట్లు, లోదుస్తులు వేడినీళ్లలో ఉతికాం, గోళ్లు కురచగా కత్తిరించాం, పొద్దున లేవగానే స్నానం. ఈ ముక్క స్కూల్లో గానీ అంగన్‌వాడీలో గానీ ఎవరూ చెప్పరు. ఈ సేవలో నాకు కనిపించిన పెద్ద లోటు ఇదే.

మా అత్తయ్య బెల్లం తింటే పురుగులు పడతాయంటారు. బెల్లం వల్ల కాదు. మట్టిలోని గుడ్లు చేతుల ద్వారా, కడగని కూరగాయల ద్వారా నోట్లోకి పోతాయి. కొంకి పురుగు పిల్లలైతే చెప్పుల్లేని పాదాల్లోంచే లోపలికి దూరతాయి. చెప్పులు, సబ్బు, మరుగుదొడ్డి ఈ మూడూ లేకపోతే మాత్ర వేసిన కొన్నాళ్లకే మళ్లీ మొదలు.

అంగన్‌వాడీకి అయిదుకు నాలుగున్నర. స్కూలుకు ఒకటి. అక్కడ కుళాయి దగ్గర సబ్బు కూడా లేదు. పేరెంట్స్ మీటింగులో అడిగితే పెడతామన్నారు, ఆగస్టు విడత లోపు పెట్టారో లేదో చూసి రాస్తాను.