పద్మినికి ఫ్యూయల్ ఇంజెక్షన్: వేసవి కష్టం తీరింది, చాలావరకు

ఎండాకాలంలో నెల్లూరు ట్రంకురోడ్డు మీద నా పాత ప్రీమియర్ పద్మిని కారుని కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలంటే నాకు టెన్షన్ పట్టుకునేది. ఆగిన ఇంజన్ వేడికి, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో, దాని ఫ్లోట్ చాంబర్ అనే చిన్న గిన్నెలో నిలిచిన పెట్రోలు మరిగిపోతుంది. సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోతుంది, వెనక బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. ఈ ఒక్క బాధ పడలేకే చెన్నైలో కార్బ్యురేటర్ తీయించి, కరెంటు పంపుతో పెట్రోలును ఒత్తిడి మీద చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టించాను. ఇప్పుడు రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం తాళం తిప్పినా, పంపు ఒక్క క్షణం గుర్రుమంటుంది, సెల్ఫ్ అందుకోగానే ఇంజన్ పలుకుతుంది. వేసవులు గడిచాయి గానీ ఆ ముచ్చట మాత్రం తీరలేదు.

మైలేజీ బాగా పెరిగిందని మొదట్లో అందరికీ చెప్పాను. హైవే మీద నిజమే. ఊళ్లో తిరిగితే మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 20 శాతం ఇథనాల్ పెట్రోలు పోసినా, పొగలో ఆక్సిజన్‌ను సెన్సర్ చూసి చెబితే ఇంజెక్షన్ కంప్యూటర్ పెట్రోలు-గాలి మిశ్రమాన్ని సర్దుకుంటుంది, అదొక నిశ్చింత. ఇథనాల్‌కు పాడయ్యే పాత రబ్బరు పైపులు మాత్రం మార్చాల్సిందే, వాటిని ఏ సెన్సరూ కాపాడదు.

ఇక అసలు సంగతి. ఒక మే నెలలో ఒంగోలు నుంచి పొదిలి వెళ్తున్నాను. ట్యాంకులో పావు వంతు పెట్రోలు. చీమకుర్తి దాటాక, గ్రానైట్ లారీల మధ్యలో బండి జర్కులిచ్చి ఆగిపోయింది. కాసేపు ఆగితే స్టార్ట్ అవుతుంది, కొంత దూరం పోయి మళ్లీ అదే తంతు. ఈడ్చుకుంటూ పొదిలి చేరాను. అక్కడి మెకానిక్ పెద్దాయన బానెట్ ఎత్తి, కార్బ్యురేటర్ కనబడక, "ఇదేందబ్బా" అని వెనక్కొచ్చి డిక్కీ తెరిచాడు. "మోటరు అరస్తా ఉండాది సార్, దానికి పెట్రోలు అందడంలా" అంటూ తడి గోనెపట్ట తెచ్చి పంపు మీద కప్పాడు. కాసేపటికి అరుపు తగ్గింది, ఇంజన్ అందుకుంది. పాత పద్మినీల్లో ముందున్న ఫ్యూయల్ పంపుకు చేసే వైద్యమే ఇది!

సంగతేమిటంటే, ఇంజెక్టర్ వాడుకోగా మిగిలిన పెట్రోలు ఇంజన్ వేడిని మోసుకుని రిటర్న్ పైపులో ట్యాంకుకే వస్తుంది. ట్యాంకులో ఉన్నదే కొంచెమైతే, అదే తిరిగి తిరిగి కాగుతుంది. పంపు తర్వాతి లైనులో 3 బార్ ప్రెషర్ ఉంటుంది కాబట్టి అక్కడ తొందరగా ఆవిరి కట్టదు. పంపు లాగే వైపు ఆ ప్రెషర్ లేదు. ఈ పంపులు బాగా తోస్తాయి గానీ సరిగా లాగలేవు. మా బండిలో దాన్ని ట్యాంకు అడుగు కంటే ఎత్తులో, సైలెన్సర్ పైపు వెళ్లే చోటికి సరిగ్గా పైన బిగించారు. వేపర్ లాక్, అంటే పెట్రోలు ఆవిరై దారికి అడ్డం పడే జబ్బు, బానెట్ కింది నుంచి డిక్కీలోకి మకాం మార్చిందన్నమాట.

ఫోన్ చేస్తే, బిగించిన వర్క్‌షాప్ వాళ్లు "ట్యాంకు నింపుకుని తిరగండి సార్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మండిస్తుంది. గట్టిగా అడిగితే పంపును కిందికి దించి, మధ్యలో పంపుకు ఎప్పుడూ పెట్రోలు అందేలా చిన్న సర్జ్ ట్యాంకు పెట్టారు. ఆ తర్వాత ఆగలేదు. అయినా వేసవిలో సగం ట్యాంకు కంటే తగ్గనివ్వను.

పంపుకు కరెంటు కావాలి కాబట్టి, బ్యాటరీ పూర్తిగా దిగితే, ఇదివరకటిలా నలుగురు తోస్తే స్టార్టయ్యే బండి కాదు. కిట్టు ఖర్చు బండి రేటును దాటింది. నాకు చెన్నై రాకపోకలు ఎటూ ఉంటాయి, లాప్‌టాప్ పెట్టి చూసేవాళ్లు దొరుకుతారు. కనిగిరిలోనో మార్కాపురంలోనో ఉండి, ఈ బండి మీదే రోజూ తిరిగేవాళ్లయితే నేను పెట్టించమనను. సరదాకి ఉంచుకున్న బండి అయితే పెట్టించుకోవచ్చు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం పంపు ఎక్కడ బిగిస్తారో చూపించమనండి.