రెండు వాల్వుల తాబేలు కోసం లండన్, బ్రిస్టల్

లండన్ సైన్స్ మ్యూజియంలో జనమంతా ఆవిరి యంత్రాల దగ్గరా, అపోలో 10 నౌక దగ్గరా ఆగుతారు. నేను వెళ్లింది ఒక తాబేలు కోసం.

మెదడు విద్యుత్ తరంగాలపై పరిశోధించిన గ్రే వాల్టర్ 1948-49లో బ్రిస్టల్‌లో ఎల్మర్, ఎల్సీ అనే రెండు యంత్ర తాబేళ్లను చేశారు. లండన్‌లో ఉన్నది వాటి తరువాతి తరం, 1951 నాటిది. పారదర్శకమైన డిప్పలోంచి లోపలి సరంజామా అంతా కనిపిస్తుంది: మూడు చక్రాలు, మోటార్లు, బ్యాటరీ, రెండే రెండు వాల్వులు (ట్రాన్సిస్టర్లు రాకముందు వాడిన గాజు గొట్టాలు). మా నాన్న బాగుచేసే మామూలు రేడియోలలోనే ఐదేసి వాల్వులు ఉండేవి. అందులో సగం కూడా లేకుండా ఈ తాబేలు తన తిండి తానే వెతుక్కునేదంటే చాలాసేపు అక్కడినుంచి కదల్లేకపోయాను.

బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపు అది మోస్తరు వెలుతురు వైపు నడిచేది, మరీ ప్రకాశవంతమైన దీపం ఎదురైతే పక్కకు తప్పుకునేది. చార్జి తగ్గేకొద్దీ వెలుతురును పసిగట్టే దాని కన్ను మందగించేది. అప్పుడు చార్జింగ్ గూటిలోని పెద్ద దీపం కూడా భరించగలిగేంతగానే తోచేది. నేరుగా లోపలికి వెళ్లి చార్జింగ్ అందుకునేది, నిండాక అదే దీపానికి బెదిరి బయటికి వచ్చేసేది. ఆకలి కోసం వేరే భాగమేదీ లేదు, బ్యాటరీ నీరసమే ఆకలి! డిప్పకు ఏదైనా తగిలితే లోపలి స్విచ్ కలిసి, తోస్తూ తిరుగుతూ దారి చేసుకునేది.

ప్రవేశం ఉచితమే. సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్ నుంచి వానలో తడవకుండా సొరంగ మార్గంలోనే చాలా దూరం నడవవచ్చు.

ప్యాడింగ్టన్ స్టేషన్ దగ్గర బస చేశాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, పెట్టెలు మోసుకోవడం మాత్రం కష్టమైంది. అయినా బ్రిస్టల్ రైలు అక్కడే ఎక్కవచ్చు కాబట్టి పెద్దవాళ్లు వెంట లేకపోతే ఆ ప్రాంతమే మేలు. రైలు టికెట్ ముందుగా తీసుకుంటే బాగా చవక.

బ్రిస్టల్‌లో క్లిఫ్టన్ వంతెన, ఇంజనీర్ బ్రునెల్ రూపొందించిన పాత ఓడ చూడదగ్గవి. తాబేళ్లు పుట్టిన ఊరని వెళ్లాను గానీ, వాటి కోసమే అయితే లండన్ చాలు. ఒక్క మాట: బయలుదేరే ముందు ఎల్సీ నడిచే 1950 నాటి నలుపు తెలుపు వార్తాచిత్రం చూడండి. ఆ తడబడే నడక చూసి ఉంటేనే, గాజు వెనక కదలకుండా ఉన్న తాబేలు మీకు ప్రాణంతో కనిపిస్తుంది.