58 సీసీ చెట్లు కోసే మిషన్: ఇంజన్ భేష్, బార్‌తోనే పేచీ

చంద్రగిరి దగ్గర మాకు పాత మామిడి తోట ఉంది. కాయలు దిగిపోయాక ఎండుకొమ్మలు తీయడానికి, కాపు ఉడిగిన చెట్లు కొట్టడానికి ఈ పెట్రోల్ మిషన్ కొని కొన్నేళ్లయింది. చైనా సరుకు, 22 అంగుళాల బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి ఇనుప రేకు). ఇంజన్ మీద నాకు ఫిర్యాదు లేదు. మాన్యువల్లో చెప్పినట్టు లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూస్ట్రోక్ ఆయిల్ కలిపి పోస్తే రెండు మూడు లాగుళ్లకే అందుకుంటుంది. బరువు మాత్రం బాగానే ఉంది, మధ్యాహ్నానికి భుజాలు పట్టేస్తాయి.

అసలు తలనొప్పి కోత వంకర పోవడం. సన్న కొమ్మల్లో తెలిసేది కాదు. చింతమొద్దు దగ్గర బయటపడింది. సగం దాకా తిన్నగా దిగిన బార్ అక్కడి నుంచి కుడికి తిరిగి మొద్దులోనే బిగుసుకుంది. "అన్నా, ఎంత నొక్కినా పక్కకే పోతా ఉంది" అన్నాడు మా పనికుర్రాడు. నొక్కే కొద్దీ బార్ కాలుతుందే తప్ప కోత దారికి రాదు. పదును సరిగ్గా ఉంటే మిషన్ దాని బరువుకే దిగాలి.

ముందు చైన్ విప్పి చూశాం. పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉంటాయి కదా. అంతకుముందే టౌన్లో ఒక షాపులో గ్రైండర్ మీద సాన పట్టించాం. వెర్నియర్ (సన్న కొలతలు తీసే స్కేలు) పెట్టి కొలిస్తే కుడి పళ్ళు ఎడమవాటి కన్నా పొడవు తేలాయి. ఏ వైపు పళ్ళు పొడవుగా, పదునుగా ఉంటే కోత అటే లాగుతుంది. అన్నిట్లోకీ పొట్టి పన్ను ఏదో చూసి, మిగతావి దాని పొడవుకే అరగదీయాలి. మా 0.325 అంగుళాల పిచ్ (లింకుల ఎడం) చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల కోణం. చేతివాటం వల్ల ఒక వైపు ఎక్కువ అరిగిపోతుంది, కాబట్టి ప్రతి పన్నుకూ లెక్కపెట్టి రుద్దడమే మేలు. పన్ను ముందుండే రేకర్లు (పన్ను ఎంత లోతు కొరకాలో ఆపే మొనలు) కూడా రెండు వైపులా ఒకే ఎత్తులో, పన్ను కొనకన్నా 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి.

ఇంత చేసినా వంకర తగ్గిందే గానీ పోలేదు. బార్‌ను గ్రానైట్ బండ మీద అంచు ఆనేలా నిలబెడితే ఒక పక్కకు ఒరిగింది. అంటే చైన్ నడిచే గాడికి అటూ ఇటూ ఉండే రెండు పట్టాల్లో ఒకటి ఎక్కువ అరిగింది. ఆయిల్ రంధ్రంలో పొట్టు గట్టిపడి ఉంది, నూనె అందక అరిగి ఉంటుంది. బల్లపరుపు ఆకురాయితో పట్టాలు సమం చేశాం, కానీ గాడి కూడా వెడల్పైపోయింది. బార్ మీద ఎక్కించిన చైన్‌ను వేలితో కదిపితే అటూ ఇటూ వాలేది. గాడి అలా తెరుచుకుంటే ఇక రిపేరు కన్నా కొత్త బార్ నయం. మంచి రకం బార్, చైన్ వేశాక చింత కూడా తిన్నగా తెగుతోంది. ఇప్పుడు సాన పట్టినప్పుడల్లా బార్ తిరగేసి బిగిస్తాం, రెండు అంచులూ సమంగా అరుగుతాయని.

మిషన్ జీపులో వేసుకుని శేషాచలం వైపు వెళ్తే చెక్‌పోస్టులో ప్రశ్నలు తప్పవు, ఎర్రచందనం పుణ్యమా అని. దానికి మిషన్‌ను అని లాభం లేదు.

ఇప్పటికీ విసుగు పుట్టించేది నూనె కారడం. ఊరికే పెట్టినా బార్ ఆయిల్ కారి షెడ్డులో మరక పడుతుంది. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కింద గోనెసంచి పరుస్తున్నాం.