హరారే: పాటల కోసం వెళ్లేవాళ్లకి

జింబాబ్వే అంటే మనవాళ్లు విక్టోరియా జలపాతం చూసి వెనక్కి వచ్చేస్తారు. పాటలంటే ప్రాణం పెట్టేవాళ్లు మాత్రం రాజధాని హరారేకి కొన్ని రోజులు కేటాయించాలి.

మొదట సిటీ సెంటర్ పక్కనే అవెన్యూస్‌లో ఒక లాడ్జిలో దిగాం. నడక దూరంలో అన్నీ ఉన్నాయి కానీ, కరెంటు పోతే గంటల తరబడి చీకటే. తర్వాత అవొండేల్ వైపు ఒక గెస్ట్‌హౌస్‌కి మారాం. అద్దె ఎక్కువైనా సోలార్, బోరు ఉన్నాయి. గది బుక్ చేసేముందు ఈ రెండూ అడగండి.

పగటిపూట తిరగడానికి కొంబీ (అక్కడి షేర్ వ్యాన్) ఎక్కండి. ఇరుకైన వ్యానే, మోకాళ్లు నొప్పి పుడతాయి. అయినా నాకు టాక్సీ కన్నా అదే నచ్చింది. తలుపు దగ్గర వేలాడే కండక్టర్‌ని హ్విండి అంటారు. అతని కేకల్లో, లోపల మోగే పాటల్లో అక్కడి భాష షోనా, ఇంగ్లీషు ఒకే వాక్యంలో కలిసిపోతాయి. మనం 'డ్రైవ్ చేశా' అని పక్కన ఒక క్రియ తగిలిస్తాం. వాళ్లు ఇంగ్లీషు మాటకే ముందు 'కు' పెట్టి 'కుధిరైవా' చేసేస్తారు. బస్సులు 'మబాజి' అవుతాయి. పరాయి మాటని ఇంత చనువుగా సొంతం చేసుకోవడం చూస్తే ముచ్చటేసింది.

ఈ కలగలుపు పాటల్లోకి బలంగా రావడానికి ఒక కారణం ఉంది. 2001 చట్టంతో రేడియోలో 75 శాతం స్థానిక పాటలే ఉండాలన్నారు. దాంతో కుర్రాళ్ల హిప్‌హాప్, ఆర్ అండ్ బీ పాటలకు 'అర్బన్ గ్రూవ్స్' పేరుతో తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత జమైకా డాన్స్‌హాల్ సంగీతానికి జింబాబ్వే రూపమైన జిమ్‌డాన్స్‌హాల్ వచ్చింది. విన్కీ డి లాంటి గాయకులు ఆ వీధి భాషనే పెద్ద వేదికల మీదికి ఎక్కించారు.

ఆ సంగీతానికి గుండెకాయ ఎంబారే. చిల్‌స్పాట్ స్టూడియో ఎదిగింది ఆ పేటలోనే. అక్కడి ముసికా మార్కెట్ తప్పక చూడాలి, కానీ తెలిసిన స్థానికులతోనే వెళ్లండి, ఫోన్ జేబులో ఉంచండి.

శాకాహారులకు సద్జా (మొక్కజొన్న పిండి సంకటి), వేరుశనగ ముద్దతో వండిన ఆకుకూర దొరుకుతాయి, చాలా బాగుంటాయి. అమెరికన్ డాలర్లు చెల్లుతాయి గానీ చిల్లర కష్టం, ఒక డాలరు నోట్లు ఎక్కువగా పట్టుకెళ్లండి. కచేరీ టికెట్ మీద రాసిన టైమ్ నమ్మొద్దు, మేం వెళ్లినచోట అసలు గాయకుడు అర్ధరాత్రి దాటాకే వచ్చాడు. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకుంటే టెన్షన్ ఉండదు.