లేయర్డ్ జిర్కోనియా క్యాపులు: ముందు పళ్లకు సరే, దవడ పళ్లకు వద్దు

మాది కనిగిరి వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మాకు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కొత్త కాదు, నాకైతే ముందు పళ్ల అంచులు కూడా పెళుసై విరిగాయి. ఆ పళ్లకూ, రూట్ కెనాల్ చేసిన కింది దవడ పన్నుకూ కలిపి ఒంగోలులో ఒకేసారి లేయర్డ్ జిర్కోనియా క్యాపులు (లోపల జిర్కోనియా అనే గట్టి సిరామిక్ కోర్, పైన పింగాణీ పొర) వేయించుకుని ఏడెనిమిదేళ్లవుతోంది.

ముందు పళ్లకు వంక పెట్టలేను. ఎండలో చూసినా సొంత పళ్లే అనుకుంటారు, మా అక్క మెటల్ సిరామిక్ (లోపల లోహం, పైన పింగాణీ) క్యాపులకు చిగురు దగ్గర కనపడే నల్లగీత వీటికి లేదు.

దవడ పన్ను సంగతి వేరు. పప్పు చెక్క కొరుకుతుంటే పెచ్చు లేచిపోయింది. నొప్పేమీ లేదు గానీ నాలుకకు గరుగ్గా తగిలేది. లోపలి జిర్కోనియాకు గీత కూడా పడలేదు, ఊడింది పైనున్న పింగాణీ పొర. 900 నుంచి 1200 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే ప్రమాణం) బలం అని గొప్పగా చెప్పేది ఆ లోపలి కోర్ గురించి. అందం కోసం పైన పేర్చి కాల్చే పింగాణీ బలం దాదాపు 100 మాత్రమే, నమిలేటప్పుడు ఎదుటి పన్ను వచ్చి తగిలేదేమో దానికే! పైగా జిర్కోనియా వేడిని తొందరగా వదలదు, కాల్చాక గబగబా చల్లారిస్తే పింగాణీలో ఒత్తిడి ఉండిపోతుంది. కోర్‌ను పన్ను ఆకారంలో మలచకుండా పల్చటి టోపీలా చేసినా పైపొరకు కింద ఆసరా ఉండదు. ల్యాబ్‌లో ఏం చేశారో మనకెలా తెలుస్తుంది?

ఊడినచోట కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్‌తో పూడ్చారు, కొన్నాళ్లకే ఊడింది. వారంటీ అడిగితే కోర్ విరిగితేనే ఇస్తామన్నారు, నాకు నిజంగా మండిపోయింది, ఎందుకంటే కార్డు మీద జిర్కోనియా అనే ఉంది తప్ప లేయర్డ్ అన్న మాటే లేదు.

చివరికి దాన్ని కోయించి (చాలాసేపు పట్టింది, జిర్కోనియా అంత గట్టిది) మోనోలిథిక్ వేయించాను, అంటే పైపొర లేకుండా మొత్తం జిర్కోనియానే. రంగులో జీవం కాస్త తక్కువ, కానీ వెనక పన్ను ఎవరు చూస్తారు? చెక్కలు, జంతికలు టెన్షన్ లేకుండా తింటున్నాను.

డబ్బు కట్టేముందే లేయర్డా, మోనోలిథిక్కా అని అడిగి కార్డు మీద రాయించుకోండి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే నైట్ గార్డ్ (రాత్రి పళ్లకు పెట్టుకునే తొడుగు) గురించి కూడా మాట్లాడండి. క్యాప్ ఎత్తు తగ్గించడానికి అరగదీస్తే మళ్లీ బాగా పాలిష్ చేయమనండి, గరుగ్గా వదిలేస్తే ఎదుటి పన్ను అరిగిపోతుంది.