హార్వెస్టర్ వెనక రాలే గింజ: సెన్సర్ మేలా, ట్రే మేలా?

ఎకరాకు 25 క్వింటాళ్ళు పండే వరి చేలో హార్వెస్టర్ వెనక నూటికి ఒక వంతు రాలిపోయిందంటే 25 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలో మూడో వంతు. 2025–26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు కాబట్టి ఎకరాకు 590 రూపాయల పైమాటే. చేనంతా సమంగా రాలితే కాటన్‌దొర సన్నాల్లో (1010) అది చదరపు అడుక్కి 24 గింజలు, గింజ చిన్నది కాబట్టి సాంబ మసూరిలో 40. గడ్డిని కాలితో తోసి చూసి ‘బానే ఉంది’ అనేస్తే ఈ లెక్క అందదు. తాలు, గట్టిగింజ కలిసి పడి ఉంటాయి, కంటికి రెండూ ఒకటే. కొలిచి చూడ్డానికి దారులు రెండు: గడ్డి పడే చోట వేసే ట్రే, మిషన్‌కే బిగించే సెన్సర్.

ముందు ట్రే సంగతి. మీటరు పొడవు, పావు మీటరు వెడల్పు ఉన్న అంచుల రేకు చాలు. మిషన్ పూర్తి లోడు మీద కోస్తుండగా, చేను గట్టు దాటి కనీసం 20 మీటర్లు లోపలికి వెళ్ళాక, పక్కనుంచి గడ్డి పడే చోటికి ట్రేని విసరాలి. తిరుగుతున్న మిషన్ వెనక్కి చెయ్యి పెట్టకూడదు. ట్రే మీద పడ్డ గడ్డిని విదిలించి తీసేసి, తాలు ఊదేసి, గట్టిగింజలు లెక్కపెట్టాలి. కోత వెడల్పు 2 మీటర్లు, గడ్డి పడే వెడల్పు 1 మీటరు అయితే నష్టమంతా సగం వెడల్పులోనే చేరుతుంది. ఆ లెక్కన ట్రేలో సాంబ మసూరి 210 గింజలు, 1010 అయితే 130 గింజలు ఉంటే ఒక శాతం. ఇంకా కంకికి అంటుకునే ఉన్న గింజల్ని విడిగా లెక్కపెట్టండి. అవి డ్రమ్ము నూర్చకుండా వదిలేసినవి. విడిగింజలు ఎక్కువైతే జల్లెడనో ఫ్యాన్‌నో చూడాలి. ఇంత స్పష్టంగా కారణం చెప్పే సాధనం ఇంకోటి లేదు. కాకపోతే ఒక్కసారి చూడ్డానికి పది నిమిషాలు పడుతుంది, అది చెప్పేది ఆ ఒక్క చోటి సంగతే.

సెన్సర్ చేసే పని వేరు. జల్లెడ చివర, డ్రమ్ చివర చిన్న పలక బిగిస్తారు. గింజ తగిలినప్పుడు అందులోని పీజో పదార్థం చిన్న విద్యుత్ తరంగాన్ని పుట్టిస్తుంది. గట్టి గింజ దెబ్బ పదునుగా ఉంటుంది, గడ్డి దెబ్బ మొద్దుగా ఉంటుంది. ఆ తేడాతో సర్క్యూట్ గింజను వేరు చేసి, క్యాబిన్‌లోని మానిటర్ మీద గీతలు పెంచుతుంది. డ్రైవర్ ఆ గీత చూసి వేగం తగ్గిస్తాడు. పొద్దున మంచుకు మెత్తబడ్డ గడ్డి మధ్యాహ్నానికి పెళుసుబారడం, పడిపోయిన చేను మధ్యలో రావడం ఇవన్నీ అది వెంటనే పట్టేస్తుంది. ట్రే వల్ల కానిది ఇదే.

కానీ గీతకు కిలోలు తెలియవు. పలకకు తగిలేది రాలే గింజల్లో కొంత భాగమే. మిషన్‌ని అతిగా లోడ్ చేస్తే గింజ గడ్డి మందంలో ఇరుక్కుని పలకకు తగలకుండానే బయటికి పోతుంది. నష్టం పెరిగే వేళకే గీత తగ్గినట్టు కనిపించడం ఇందువల్లే. పలకకు బురద అంటుకున్నా అంతే. రకం మారితే ఇంకో చిక్కు: 1010కి పెట్టిన సున్నితత్వంతో సాంబ మసూరి కోస్తే చిన్న గింజలు లెక్కకు రావు. సున్నితత్వం పెంచితే గడ్డి కణుపుల దెబ్బా, మిషన్ అదురూ కూడా గింజలైపోతాయి.

కొన్ని మానిటర్లు సెకనుకు ఎన్ని దెబ్బలో చూపిస్తాయి, కొన్ని విస్తీర్ణానికి ఎంతో చూపిస్తాయి. మొదటిదైతే నెమ్మదిగా పోతే గీత తగ్గుతుంది, ఎకరాకు పోయేది తగ్గకపోయినా. రెండోది నయం. అయితే బురదలో చైన్ మిషన్ జారుతుంటే చక్రం తిరుగుడు చూసి వేగం కొలిచే మానిటర్ అసలు కన్నా ఎక్కువ దూరం లెక్కేసి నష్టాన్ని తక్కువ చేసి చూపిస్తుంది.

అందుకే ట్రే లేకుండా సెన్సర్ కొనడం దండగ. కొత్త రకం, కొత్త మడి మొదలుపెట్టగానే ట్రే వేసి, అప్పుడు మానిటర్‌లో గీత ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ తరవాత రోజంతా ఆ గుర్తు దాటకుండా నడపాలి. దాటితే ముందు వేగం తగ్గించాలి. అప్పటికీ ఆగకపోతే జల్లెడ కొంచెం తెరవాలి, ఆ తరవాతే ఫ్యాన్ జోలికి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలీదు.

సీజన్ అంతా కోస్తూ తిరిగే మిషన్ యజమానికి సెన్సర్ ఖర్చు గిట్టుబాటే. రెండెకరాల రైతుకు ట్రేనే మేలు. గంటకింత అని అద్దె కట్టే రైతే ‘తొందరగా కానీ’ అని డ్రైవర్‌ని తరుముతాడు, గింజ పోయేదీ ఆయనదే.

రెండింటికీ ఒక నష్టం అందదు: ముందు కట్టర్ దగ్గర రాలేది. తేమ బాగా తగ్గి ఎండిపోయిన చేలో, కంకి తాకగానే జారే చోట, అదే పెద్దది. మిషన్ ఆపి నాలుగడుగులు వెనక్కి జరిపి, గడ్డి పడని చోట గింజలు లెక్కపెట్టి, కోయని చేలో ముందే రాలినవి అందులోంచి తీసేయండి. వారం తరవాత తడికి మొలకలొస్తే నేలే చెబుతుంది: గడ్డి పడ్డ పట్టీలో మాత్రమే వరుసగా లేస్తే తప్పు వెనకది, మడంతా లేస్తే ముందరిది.